ఇరవై గుండీల వీధి

కొలతలమ్మ ఒకరోజు మధ్యాహ్నం ఒక వీధి వీధినంతా తూకం వేసేసింది. గోడలు, గుమ్మాలు, కిటికీలకు ఆరేసిన బట్టలు, అన్నీ. సరే, గోడలు అబద్ధం. బట్టల సంగతీ అంత గట్టిగా చెప్పలేం. వీధి మాత్రం నిజం, తూకానికి చొక్కా గుండీలు వాడిందన్నదీ నిజం.

పిల్లల్ని తూచడం ఆవిడ ఉద్యోగం. వీధి చివరి పిల్లల కేంద్రంలో, దూలానికి వేలాడే త్రాసు కింద ఆవిడ జీవితంలో పదిహేడేళ్ళు గడిచాయి. పిల్లాడు సంచిలో కూర్చుని కాళ్ళు తన్నుకుంటూ ఉండగానే, ఎడమ కన్ను మూసి, ముల్లు ఎక్కడ ఆగుతుందో చెప్పేస్తుంది. మొగుణ్ణి మొదటిసారి చూసినప్పుడు కూడా ఎడమ కన్ను మూసి "అరవై రెండు" అందని వీధిలో చెప్పుకుంటారు.

అలాంటి ఆవిడకి ఏడాదిన్నర బుడ్డోడొకడు నిద్రలేకుండా చేశాడు. మూడు నెలలుగా ముల్లు కదలలేదు. వాడి తల్లి చొక్కాల కార్ఖానాలో గుండీలు కుట్టే పిల్ల. పొద్దున వెళ్తే సాయంత్రం వస్తుంది, అందాకా వాణ్ణి నాయనమ్మే చూసుకుంటుంది. నలభై రెండు ప్రశ్నల కాగితంతో వచ్చిన సర్వే డాక్టరమ్మకి ఆ ఇంట్లో ఒకటే జవాబు: రోజుకి నాలుగు గిన్నెలు పెడుతున్నాం, గిన్నె ఖాళీ అవుతోంది.

"తింటున్నాడు, పెరగట్లేదు. అంటే లోపల ఏదో జబ్బు ఉండాలి. తల్లితో సహా ఇరవై రోజులు పెద్దాసుపత్రిలో ఉంచాలి" అంది డాక్టరమ్మ.

 ఇరవై రోజులు మానేస్తే కార్ఖానాలో తల్లి కుర్చీలో ఇంకొకరు కూర్చుంటారు.

"ఆసుపత్రి చీటీ రాయడానికి ఒక్క రోజు ఆగండి డాక్టరమ్మా," అంది కొలతలమ్మ. "మీరు ఒక్కొక్కరినీ విడిగా అడిగారు. విడిగా అడిగితే ఈ వీధిలో అందరూ బుద్ధిమంతులే. రేపు అందర్నీ ఒకచోట కూర్చోబెడతాను."

మర్నాడు కేంద్రం నేలమీద సుద్దముక్కతో వీధిని గీశారు. ఎవరిల్లు వాళ్ళే గీసుకున్నారు. దర్జీ భార్య తన ఇంటిని పక్కింటికి రెండింతలు గీసుకుందని కాసేపు గొడవైంది. గొడవ సర్దుకున్నాక కొలతలమ్మ కార్ఖానాలో మిగిలిపోయిన గుండీల డబ్బా మధ్యలో పెట్టింది.

"నిన్న వీడి నోట్లో మీ ఇంట్లో ఏం పడినా సరే, పడినప్పుడల్లా ఒక గుండీ మీ గుమ్మం ముందు పెట్టండి. తిట్టేది లేదు, రాసుకునేది లేదు."

 ముందుగా దర్జీ భార్య గొంతు సవరించుకుంది. "ఏదో, గుమ్మంలోకి వచ్చి నోరు తెరిచి నిలబడతాడు కదా... ఒక్క గుక్క టీ." ఒక గుండీ పెట్టింది. కాస్త ఆలోచించి ఇంకోటి పెట్టింది. "సాయంత్రం కూడాననుకో."

"నువ్వూనా వదినా! నేనొక్కదాన్నే ఇస్తున్నాననుకున్నా!" అంది ఎదురింటావిడ, టీలో ముంచిన బిస్కెట్టుకి రెండు పెడుతూ.

"మీ ఇంటి టీ నీళ్ళే కదా పిన్నీ, దానికి సగం గుండీ చాలు" అని దర్జీ భార్యని ఆటపట్టించింది పక్కింటి పిల్ల.

నవ్వులు మొదలయ్యాక గుండీలు ఆగలేదు. లెక్కపెడితే పద్దెనిమిది. వాడి సొంత గుమ్మం ముందు మాత్రం ఒక్కటీ లేదు.

"మరి గిన్నెలు ఖాళీ అయ్యాయన్నావు కదత్తా?" అంది తల్లి.

నాయనమ్మ కొంగు సర్దుకుంది. "అయ్యాయి. ఎవరు ఖాళీ చేశారని ఆ కాగితంలో అడగలేదుగా! వాడు మూతి తిప్పేసుకుంటాడు, పారేయడానికి నాకు చేతులు రావు."

"అందుకా అత్తా, ఈమధ్య నీ రవికె కుట్లు విప్పి వదులు చేయమన్నావు!" అంది దర్జీ భార్య.

సరిగ్గా అప్పుడే బుడ్డోడు తప్పటడుగులేసుకుంటూ వచ్చాడు. అమ్మవైపు వెళ్ళలేదు. తిన్నగా కొలతలమ్మ రిజిస్టర్ల బీరువా దగ్గరికెళ్ళి, రెండు చేతులా తలుపు బాదుతూ "బిక్కీ! బిక్కీ!" అన్నాడు.

గది మొత్తం కొలతలమ్మ వైపు తిరిగింది.

త్రాసులో ఏడుపు ఆపడానికని మొదట్లో ఒక బిస్కెట్టు ఇచ్చింది. తర్వాత వాడు రోజూ తలుపు దగ్గరికి వస్తే కాదనలేకపోయింది. ఆవిడ డబ్బాలోంచి రెండు గుండీలు తీసి, సుద్దతో గీసిన కేంద్రం గుమ్మం ముందు పెట్టింది. మొత్తం ఇరవై.

డాక్టరమ్మ రాయని చీటీ మడిచి సంచిలో పెట్టుకుంది. "జబ్బు కాదులే. వీడికి ఆకలేసే తీరిక మీరెవరూ ఇవ్వట్లేదు. ఒక నెల చూద్దాం."

వీధి ఒక మాటమీదికి వచ్చింది. టీ మాట లేదు. ఇవ్వాలనిపిస్తే వాడి ముద్ద తినిపించాకే ఇవ్వాలి. మొదటి రెండు రోజులు వాడు వీధంతా ఎగిరిపోయేలా ఏడ్చాడు. మూడో రోజు నాయనమ్మ చేతిలో గిన్నె లాక్కున్నాడు.

నెల తర్వాత సంచిలో కూర్చోబెడితే ముల్లు కదిలింది. నాలుగు వందల గ్రాములు. కొలతలమ్మ రెండు కళ్ళూ తెరిచి మరోసారి చదివింది. తల్లి అక్కడే నేలమీద కూలబడి, నవ్వుతూ ఏడ్చి, ముక్కు తుడుచుకుని, ఆలస్యమైపోతోందంటూ కార్ఖానాకి పరుగెత్తింది.

ఈ సంగతి కొలతలమ్మనే అడిగితే, త్రాసు తుడుస్తూ తల కూడా ఎత్తదు.

"ఎవరు చెప్పారు? అంతా కట్టుకథ. అలాంటి పిల్లాడు లేడు, ఆ వీధీ లేదు. నా బీరువాలో బిస్కెట్లు ఎప్పుడూ లేవు."