ముందు పెద్దవాళ్ళు తాగే నీళ్ళు

అన్నం మధ్యలో మా పాప మంచినీళ్ళ గ్లాసు నావైపు జరిపి, "అమ్మా, యూ ఫస్ట్," అంది. ఏదో ఆట అనుకుని గ్లాసు ఎత్తి, పెదవికి తగలకుండా ఒక గుక్క పోసుకున్నాను. పాప తల అడ్డంగా ఊపింది.

"నాట్ లైక్ దట్. లిప్స్ పెట్టి తాగు."

"ఎంగిలవుతుంది కదమ్మా," అంటూనే తాగాను. పాప నా మొహంలోకే చూస్తోంది. నేను మింగేదాకా ఆగింది. మింగాక కూడా కాసేపు ఆగి, "ఆర్ యూ ఓకే?" అని అడిగింది.

అప్పుడు అర్థమైంది. ఆరేళ్ళ పిల్ల, నీళ్ళు తాగాక నాకేమైనా అవుతుందేమోనని చూస్తోంది.

"ఎవరు నేర్పారు నీకిది?"

"గ్రాండ్మా. బ్యాడ్ పీపుల్ నీళ్ళలో పాయిజన్ వేస్తారు. సో బిగ్ పీపుల్ డ్రింక్ ఫస్ట్."

మూడేళ్ళ బాబు కూడా తన గ్లాసు నావైపు తోశాడు.

గ్రాండ్మా అంటే మా పక్కింటి ఆంటీ. మేం కెనడాలోని ఈ సార్నియాలో దిగిన ఏడాది కాలేజీ నిండా మనవాళ్ళే. క్లాసులో వెనక్కి తిరిగితే వరంగల్, పక్కకి తిరిగితే గుంటూరు. నేను స్టడీ పర్మిట్ మీద, మావారు ఓపెన్ వర్క్ పర్మిట్ మీద వచ్చాం. బస్సులు తక్కువ. ఉన్న ఒక్క కారూ ఆయన ప్లాంటు షిఫ్టులకే సరిపోయేది. ఏ డేకేర్‌కి ఫోన్ చేసినా వెయిటింగ్ లిస్టే. అలాంటప్పుడు ఈ ఆంటీ, "నా దగ్గర వదిలి వెళ్ళు, నాకూ పొద్దుపోతుంది," అన్నారు. ఆఫ్రికాలోని బోట్స్వానా నుంచి వచ్చి కూతురి దగ్గర ఉంటున్నారు. డెబ్బై దాటిన మనిషి. మామూలు రోజుల్లో స్వెట్టరూ ప్యాంటూ వేసుకుంటారు. ఆదివారం మాత్రం నేలని ఊడ్చే గౌను, తలమీద ఆవు కొమ్ముల్లా రెండు పక్కలకీ సాగిన గుడ్డ టోపీ. తాము హెరెరోలమని మొదటిరోజే చెప్పారు. ఆ పేరు నేనెప్పుడూ వినలేదు. అడగడం మర్యాద కాదేమో అని ఊరుకున్నాను.

నేను అసలే భయస్తురాలిని. ద్రాక్షపండు కూడా నాలుగు ముక్కలు చేసిగానీ పిల్లలకి పెట్టను. పాప చెప్పింది వినగానే మావారు, "రేపట్నుంచి అక్కడికి పంపకు," అన్నారు.

"మరి ఎవరు చూస్తారు? మా ప్రొఫెసరా?"

"బేస్‌మెంట్‌లో అమ్మాయి ఉందిగా."

కింద అద్దెకుండే స్టూడెంట్ అమ్మాయి కూర కోసం గిన్నె పట్టుకుని అప్పుడే పైకి వచ్చింది. "అన్నా, నా షిఫ్టు పొద్దున అయిదింటికి. పిల్లల్ని కాఫీ షాపు కౌంటర్ మీద కూర్చోబెట్టమంటారా?" అంది. సంగతి విని, "మా ఇంట్ల అయితే ఎంగిలి నీళ్ళు పిల్లలకిస్తే మా నానమ్మ వీపు విమానం మోత మోగించేది అక్కా," అని నవ్వింది. నాకు నవ్వు రాలేదు. ఎంగిలి సంగతి సరే. నా కూతురి బుర్రలోకి ఆ భయం ఎక్కించినావిడ దగ్గరికి రేపు పిల్లల్ని పంపాలా వద్దా, అదే నా బాధ.

చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళాను. ఆంటీ ఆదివారం గౌనుకి ఇస్త్రీ చేస్తున్నారు. మేం మాట్లాడుకునేది ఇంగ్లీషులోనే, ఆవిడ నెమ్మదిగా, వెతుక్కుంటూ మాట్లాడతారు.

"ఆంటీ, మా పాపకి ఏం చెప్పారు?"

"నేనెందుకు ముందు తాగుతానని అడిగింది. చెప్పాను." ఇస్త్రీపెట్టె నిలబెట్టి నావైపు చూశారు. "భయపడిందా?"

"చాలా."

"అబద్ధం చెప్పాల్సింది అంటావా?"

తలుపు దగ్గరే నిలబడ్డాను. కుర్చీ చూపించారు. అప్పుడు చెప్పారు.

వాళ్ళలో పాలు ముందు పెద్దవాళ్ళు ముట్టాకే మిగతావాళ్ళు తాగడం ఎప్పట్నుంచో ఉన్న ఆచారమట. నీళ్ళకి ఆ అలవాటు ఎడారిలో వచ్చిందట. ఇప్పుడు నమీబియా అంటున్న దేశాన్ని నూట ఇరవై ఏళ్ళ కిందట జర్మన్ చక్రవర్తి మనుషులు ఏలేవారు. భూమి, పశువులు ఒక్కొక్కటే లాక్కున్నారు. హెరెరోలు తిరగబడ్డారు, ఓడిపోయారు. ఓడినవాళ్ళని ఆడా మగా పిల్లా జెల్లా అందర్నీ ఇసుక ఎడారిలోకి తరిమి, నీటి గుంటల దగ్గర సైనికుల్ని కాపలా పెట్టారు. కొన్ని గుంటల్లో విషం కలిపారని వాళ్ళ ఇళ్ళలో చెప్పుకుంటారు.

"మా అమ్మమ్మ అప్పుడు నీ కూతురంత ఉంటుంది. వాళ్ళమ్మ భుజాన వేసుకుని నడిచింది. అమ్మమ్మ చంటి తమ్ముడు అప్పటికే పోయాడు. ఒక గుంట దగ్గర ముందే వచ్చినవాళ్ళు పశువులతో సహా పడి ఉన్నారట. దాహంతో పోయారో నీళ్ళతో పోయారో తెలీదు. ఆవిడ తను తాగి, పిల్లని ఒళ్ళో గట్టిగా పట్టుకుని కూర్చుంది. పిల్ల నీళ్ళు చూసి ఏడుస్తోంది. ఎండ కొంచెం జరిగేదాకా ఆగి, తనకేమీ కాకపోతే అప్పుడు ఇచ్చింది. బోట్స్వానా చేరేదాకా ప్రతి గుంట దగ్గరా అంతే."

"ఎత్తి పోసుకుంటే తాగినట్టు కాదా?" అని అడిగాను. ఎందుకడిగానో నాకే తెలీదు.

"పిల్ల నమ్మాలి కదా," అన్నారు.

గౌను చేత్తో సవరిస్తూ, "ఇదీ ఆ జర్మన్ ఆడవాళ్ళ గౌనే. కొమ్ములు మేం పెట్టుకున్నాం," అన్నారు. మిమ్మల్ని చంపినవాళ్ళ బట్టలెందుకు అనేసి నాలుక కరుచుకున్నాను. ఆవిడేమీ అనుకోలేదు. "ఇప్పుడు మావి," అన్నారు.

నేను లేచేటప్పుడు, "వద్దంటే ఇక చెప్పను. నీ పిల్లలు. కానీ రావడం మానిపించకు. వాళ్ళు రాని రోజు ఈ ఇంట్లో గోడలతో మాట్లాడుకోవాలి," అన్నారు. అంత పెద్దావిడ అలా అడగడం చూడలేకపోయాను.

ఇంటికొచ్చి లాప్‌టాప్ తెరిచి చదివాను. తుపాకి ఉన్నా లేకపోయినా, పశువులున్నా లేకపోయినా, కనబడ్డ ప్రతి హెరెరోనీ కాల్చెయ్యమని అక్కడి జర్మన్ సేనాపతి ఉత్తర్వు ఇచ్చాడు. ఎడారి నుంచి బతికి చిక్కినవాళ్ళని క్యాంపుల్లో పెట్టి చాకిరీ చేయించారు. అక్కడా చచ్చిపోయారు. ఆ జాతిలో ఎక్కువమంది అలా అయిపోయారు. మావారు వెనక నిలబడి చదువుతున్నారు.

"నిజమే అనుకో. కానీ ఆరేళ్ళ పిల్లకి ఇప్పుడెందుకు? పెద్దయ్యాక చదువుకుంటుంది."

"మనం చదువుకున్నామా?"

ఆయన పిల్లల గది వైపు చూశారు. "దానికి నిద్రలో కలలొస్తే?"

"వస్తే నేనుంటాను. నువ్వూ ఉంటావు. ఆవిడ తప్ప ఈ ఊళ్ళో మన పిల్లల కోసం పనులు మానుకుని కూర్చునేవాళ్ళు ఎవరున్నారు?"

"సరే. కానీ పాపకి నువ్వే చెప్పు. నాకు చేతకాదు," అని వెళ్ళి పడుకున్నారు. నాకూ చేతకాదు. అందుకే ఏం చెప్పాలో ముందు కాగితం మీద రాసుకుంటూ ఆ రాత్రి టేబుల్ దగ్గర కూర్చున్నాను. తెల్లారాక ఆ కాగితం తీయనేలేదు.

పాపకి జడ వేస్తూ చెప్పాను. బాబు నా పక్కనే నేలమీద కూర్చున్నాడు. "గ్రాండ్మా చెప్పింది నిజం. చాలా కాలం కిందట, చాలా దూరంలో, తుపాకులున్నవాళ్ళు వాళ్ళ నేల కావాలని వాళ్ళందర్నీ చంపాలనుకున్నారు. వాళ్ళు చేసింది చాలా పెద్ద తప్పు. గ్రాండ్మా వాళ్ళ అమ్మమ్మ నీ అంత పిల్ల. వాళ్ళమ్మ కాపాడింది."

"ఆర్ దే కమింగ్ హియర్?"

"ఆ సైనికులు ఇప్పుడు లేరు. మన కుళాయి నీళ్ళలో ఎవరూ ఏమీ కలపలేదు, నేను రోజూ తాగుతున్నాను. ఇవాళ కూడా మీరు గ్రాండ్మా దగ్గరికే వెళ్తారు. ఆవిడ కథ చెబితే వినండి. వింటుంటే భయమేస్తే లేచి పారిపోకండి, ఆవిడ ఒళ్ళో కూర్చుని వినండి."