ఎడమచేతి కత్తెర

మా బావను ఆఫీసులో అందరూ భూతద్దం అంటారు. జనం తాము తీసిన వీడియోలు పంచుకునే వెబ్‌సైట్ మాది. అందులో ఏది అసలు, ఏది కాపీ అని తేల్చడం ఆయన పని. నాది పక్కసీటు. పెళ్లిచూపుల్లో కూడా మా అక్క ముఖం కంటే గోడమీది ఫొటోలనే ఎక్కువ పరీక్షించాడని నా అనుమానం.

దొంగలు ఒకరి వీడియోను అద్దంలో బొమ్మలా తిప్పి తమదంటూ పెడతారు. అలా తిప్పితే కంప్యూటర్ పోల్చుకోలేదు. అందుకే బావ ముందు చేతులు చూస్తాడు. ఎడమచేత్తో పని కనబడిందా, అది తిప్పిన సరుకే.

ఆ మధ్య చొక్కా కత్తిరించే పాఠం ఒకటి రెండు ఖాతాల్లో కనబడింది. ఒకదాంట్లో కత్తెర కుడిచేతిలో ఉంది, రెండోదాంట్లో ఎడమచేతిలో. కుడిచేతిదే ముందు పెట్టారు కూడా. బావ ఇంకేమీ ఆలోచించకుండా ఎడమచేతి ఖాతా మూసేశాడు.

ఆ ఖాతా ఒక దర్జీ ఆవిడది. మర్నాడే ఫోన్ చేసింది.

"ఆ చెయ్యి నాదేనండీ. ముందు నా దగ్గర నేర్చుకునేవాళ్లకి పంపి, తర్వాత మీ దాంట్లో పెట్టాను. ఎవరో మధ్యలో కొట్టేశారు. పాఠాలన్నీ పోతే కొత్తగా నా దగ్గరికి ఎవరొస్తారు?"

"పట్టుబడ్డవాళ్లంతా ఇలాగే అంటారు బావా," అన్నాను. ఆయన ఊఁ కొట్టాడు గానీ, మనసు అక్కడే ఉండిపోయింది.

సాయంత్రం ఇంట్లోనూ అవే వీడియోలు. పక్కన అక్క దిండుగలీబులు కుడుతోంది. ఉన్నట్టుండి బావ చూపు కుట్టుమిషన్ చక్రం మీద పడింది.

"ఏమోయ్, ఈ చక్రం ఎప్పుడూ కుడివైపేనా?"

"కాపురానికొచ్చినప్పట్నుంచీ ఇక్కడే ఉంది. ఇవాళ కనబడిందా తమరికి? ఎడమవైపున్న మిషన్ నేనెక్కడా చూళ్లేదు."

బావ వీడియోలు మళ్లీ పెట్టాడు. మూలన, బట్టల కుప్ప వెనక, కుట్టేవాళ్లు కూర్చునే వైపు నుంచి సగం మిషన్ కనబడుతోంది. ఎడమచేతి వీడియోలో చక్రం కుడివైపు ఉంది. కుడిచేతి వీడియోలో ఎడమవైపు ఉంది. తిప్పింది కుడిచేతిదే. "అయ్యో, ఆవిడ నిజమే చెప్పింది," అన్నాడు బావ. నాకూ సిగ్గేసింది.

పొద్దున్నే దొంగ ఖాతా మూసి, ఆవిడది తెరిచి, తనే ఫోన్ చేశాడు.

"తప్పు నాదేనమ్మా. ఎడమచెయ్యి చూడగానే దొంగతనం అనుకున్నాను."

"ఇదేం కొత్త కాదులెండి. చెయ్యి మార్చుకోమని చిన్నప్పుడు అమ్మ కొట్టింది, బళ్లో పంతులమ్మ కొట్టింది. తప్పు చేతిది కాదని ఫోన్ చేసి మరీ చెప్పింది మాత్రం మీరేనండీ."