జాయిస్ చదివిన కీర్తన

జగ్గయ్యపేటలో బట్టలు కుట్టే లూర్దమ్మ కూతురు జాయిస్‌కి ఎనిమిదేళ్లు. క్లాసులో ఒక్కచోట కుదురుగా కూర్చోలేదు, ఒక్క వాక్యమూ పూర్తిగా చదవలేదు. విజయవాడ డాక్టరు పరీక్షించి, ధ్యాస నిలవని సమస్య అని చెప్పి, మందు వాడి చూద్దామన్నారు.

"పసిపిల్లకి పిచ్చిమాత్రలు మింగిస్తావా అమ్మా?" అన్నాడు మామ ఏలీయా.

"బళ్లో దాన్ని మొద్దు అంటుంటే వింటూనే ఉన్నా మావయ్యా. వాడి చూస్తా. పడకపోతే డాక్టరుగారిని అడిగి నేనే మానిపిస్తా" అంది లూర్దమ్మ.

పిల్లకి ఆకలి మందగిస్తే వెంటనే డాక్టరు దగ్గరికి తీసుకెళ్లి మోతాదు తగ్గింపజేసింది. సాయంత్రాలు కుట్టుమిషను పక్కనే కూర్చోబెట్టుకుని, వేలితో ఒక్కో మాటా చూపిస్తూ చదివించింది.

మొన్న క్రిస్మస్‌నాడు చర్చిలో జాయిస్ కీర్తన చదివింది. మధ్యలో తడబడినా మళ్లీ అందుకుని చివరిదాకా పూర్తి చేసింది.

"మా మనవరాలేనండి" అని ఏలీయా పక్కాయనతో చెబుతున్నాడు. లూర్దమ్మ మాత్రం కూతురి మీద నుంచి చూపు తిప్పుకోలేదు. ఆమె ముఖం వెలిగిపోతోంది.