అవ్వ కోసం ఆరుగంటల పిట్ట ఫోటో

మా చిన్నప్పుడు... ఒక ఏడాది దసరా సెలవులన్నీ నేనూ మా నాయనా ఒక పాత దుప్పటి వెనక కూర్చుని గడిపాం.

ఆ ఏడాది మా అవ్వ, అంటే నాయనకు అమ్మ, బావి దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. పుత్తూరు కట్టు వేయించి, వడమాలపేటలో మా ఇంటి నడవలో మంచం మీద పడుకోబెట్టాం. పొద్దస్తమానం పెరట్లో తిరిగే మనిషి... పైకప్పు చూస్తూ పడుకోవాల్సి వచ్చింది. తిండి తగ్గించేసింది. మాటలూ తగ్గించేసింది. అమ్మకు అదే దిగులు.

ఒకరోజు దీపాలు పెట్టే వేళ పెరట్లోంచి ఈల వినిపించింది. రెండు ముక్కల ఈల... ఎవరో ఎవరినో పిలుస్తున్నట్టు. అవ్వ చటుక్కున తల తిప్పింది.

"పాపా, గమ్మునుండు. ఇను... వచ్చేసినాది. ఆరుమణి కురివి."

అవ్వ పుట్టిల్లు నగరి. ఆమె మాటల్లో సగం అరవమే. ఆరుమణి అంటే ఆరు గంటలు, కురివి అంటే పిట్ట. పొద్దునా సాయంత్రమూ ఆరింటికి కూస్తుందట. చలికాలం ముందర ఎక్కడినుంచో వచ్చి, ఎండలు ముదిరేలోపు వెళ్ళిపోతుందట.

"ఎట్లుంటాదవ్వా?"

"వీపు చిలకపచ్చ. రెక్క మీద నీలం... మా నాయన మగ్గం మీద నేసిన ఏ చీరలోనూ ఆ నీలం నేను సూళ్ళేదు. కంటికి కాటుక. కడుపు కింద కుంకం అద్దినట్టు ఎరుపు. తోక మటుకు ఉండీ లేనట్టుంటాది." నవ్వింది. పడ్డ తర్వాత అవ్వ నవ్వడం అదే మొదలు. "ఇంకొక్కసారి సూడాలని ఉండాది పాపా."

గుమ్మం దగ్గర నిలబడి నాయన ఇదంతా విన్నాడు. మర్నాడే పుత్తూరులో స్టూడియో నడిపే స్నేహితుణ్ణి అడిగి కెమెరా తెచ్చాడు. రీలులో ఎవరివో పుట్టినరోజు ఫోటోలు పోగా, మిగిలినవి మాకు.

నాయన టైలరు. పాత దుప్పటికి కెమెరా ముక్కు పట్టేంత రంధ్రం కత్తిరించి, అంతటితో ఊరుకోలేక చుట్టూ కాజా కూడా కుట్టాడు.

"పిట్టను సూసేదానికి కాజా ఎందుకబ్బా?" అంది అమ్మ.

"పోగులు లేస్తే ఫోటోలో పడతాయి మే," అన్నాడు నాయన, దారం కొరికి.

ఆ పిట్ట ఎండాకులు తిరగేసి పురుగులు ఏరుకుంటుందని, పెరడు చిమ్మొద్దని అవ్వ ఆజ్ఞ. దసరా ముందు పెరడు చిమ్మకపోవడమా... అమ్మకు ప్రాణం మీదకొచ్చింది. పక్కింటి అత్త గోడ మీంచి తొంగిచూసి, "ఏందమే, ఈ తూరి ఆకులకే పూజ చేస్తారా?" అని నవ్వింది. అయినా అమ్మ చీపురు ముట్టలేదు.

నిమ్మచెట్టుకు ఎదురుగా దండెం మీద దుప్పటి వేలాడదీసి దాని వెనక కూర్చుని, అంచు పక్కనుంచి తొంగిచూసేవాళ్ళం. దోమలు కుట్టేవి. గోక్కోకూడదు. నాయనకు తుమ్మొస్తే ముక్కు పట్టుకుని కళ్ళనీళ్ళు పెట్టుకునేవాడు. ఉడుతలొచ్చాయి, గోరింకలొచ్చాయి... అది మాత్రం రాలేదు.

చివరకు ఒక ఉదయం ఎండాకులు గలగలమన్నాయి. అదే... అవ్వ చెప్పిన రంగులన్నీ ఒంటి మీద వేసుకుని గెంతుకుంటూ వచ్చింది. నాయన నొక్కాడు. ఆ చప్పుడుకు పిట్ట పొదలో దూరింది. మళ్ళీ వచ్చింది. మళ్ళీ నొక్కాడు...

నడవలోకి పరిగెత్తి అవ్వకు చెప్పాను. అవ్వకు ఒకటే తొందర. "ఫోటో యాడ? సూపీండి."

"రీలు అయిపోవాల, కడగాల. పండగ పోయినాక ఇస్తారమ్మా," అన్నాడు నాయన.

అవ్వ ముఖం గోడవైపు తిప్పుకుంది. నాయన ఆ పూటే పుత్తూరు వెళ్ళి కట్టు కట్టినాయన్ని అడిగి వచ్చాడు. కాలు కదలకుండా కూర్చోబెడితే పరవాలేదన్నారట.

మర్నాడు తెల్లవారగానే నాయనా పక్కింటి మామా అవ్వను కుర్చీలో కూర్చోబెట్టి, కట్టిన కాలు పట్టుకుని, మెల్లగా మోసుకొచ్చి దుప్పటి వెనక, అంచు పక్కనుంచి బండా చెట్టూ కనిపించేలా దించారు. కాలి కింద పీట వేసింది అమ్మ. అందరం గమ్మునున్నాం. గోడ అవతల అత్త కూడా.

పిట్ట వచ్చింది. ఏ రోజూ లేనిది, బట్టలుతికే బండ ఎక్కి, ఎండపొడలో నిలబడి, మెడ వెనక్కి వంచి ఈల వేసింది. రీలులో ఇక ఒక్క ఫోటోనే ఉంది. తియ్యమని నాయన మోచెయ్యి గిల్లాను. నాయన కెమెరాను దుప్పటిలోంచి వెనక్కి లాగి... అవ్వవైపు తిప్పి నొక్కాడు.

పండగయ్యాక ఫోటోలొచ్చాయి. ఆకులు... మళ్ళీ ఆకులు... ఒకదాంట్లో ఉడుత. ఒకదాంట్లో ఒక మూల ఎర్రటి మరక. చివరిది అవ్వ. చెయ్యి గడ్డం కింద పెట్టుకుని, నోరు తెరిచి, కళ్ళు ఇంతింత చేసుకుని... అచ్చం నా ఈడు పిల్లలా ఉంది.

"పిట్టను తియ్యమంటే నన్ను తీసినావేంరా?"

"ఇద్దరిలో కదలకుండా ఉండేది నువ్వే గదమ్మా," అన్నాడు నాయన.

అవ్వ నవ్వి నవ్వి కాలు నొప్పెడుతుందని తిట్టింది. ఆ పూట సంగటి ఇంకో ముద్ద అడిగి వేయించుకుంది. శివరాత్రికల్లా కర్ర పట్టుకుని పెరట్లో తిరిగింది కూడా...

ఇప్పుడు తిరుపతిలో మా ఇంటి వెనకున్న కాస్త చోటుకీ పిట్టలొస్తాయి. తేనెపిట్ట, లకుముకి పిట్ట, ఎప్పుడైనా ఒక వంగపండు పిట్ట. ఫోను ఎత్తితే చాలు, ఈక ఈకా తేటగా పడుతుంది. నచ్చకపోతే చెరిపేసి ఇంకోటి. కానీ ఒక్క పిట్ట కోసం ఇంటిల్లిపాదీ, గోడ అవతలివాళ్ళతో సహా, ఊపిరి బిగబట్టి కూర్చోవడం... అది మాత్రం మళ్ళీ చూడలేదు.

మీ పెరటికి ఏ పిట్టలొచ్చేవి? చూద్దువు రమ్మని మిమ్మల్ని గుసగుసగా పిలిచిందెవరు?