బావగారి అలక, నా డెక్కు

కొత్త యంత్రం ఇంటికి రాగానే పసుపు రాసి, కుంకుమ బొట్టు పెట్టి, కింద నిమ్మకాయ ఉంచడం మా గోదావరి జిల్లాల్లో అందరూ చేసేదే. మోటారు సైకిలుకు చెల్లుతుంది, వరికోత మిషనుకు చెల్లుతుంది. కేసెట్ డెక్కుకు చెల్లదు. ఆ సంగతి తెలియక, వయసులో నాకంటే కాస్త చిన్నదీ, పాడటంలో నాకంటే చాలా పెద్దదీ అయిన ఒక యంత్రాన్ని, రాజమండ్రిలో మా హాల్లో దించిన రోజునే మూగదాన్ని చేసి కూర్చున్నాను. ఈ పొద్దున బావగారు పాలకొల్లు నుంచి ఫోన్ చేసి, "ఏమోయ్ బావమరిదీ, ఆదివారం వస్తున్నాను. నీ గంగాళం ఖాళీయేనా?" అని ఆ డెక్కు గురించి అడిగేసరికి అదంతా కళ్ళముందుకొచ్చింది.

డెక్కంటే పాతకాలపు టేప్ రికార్డర్‌కి పెద్దన్నయ్య లాంటిది. తనలో స్పీకర్లు ఉండవు, వేరే పెట్టుకోవాలి. పెద్దన్నయ్యలు ఏ పనీ ఒంటిచేత్తో చేయరు కదా. కాకినాడలో ఒక రిటైర్డు పెద్దాయన ఇల్లు మారుతూ అమ్మేస్తుంటే తెచ్చుకున్నాను. ఎంతకు కొన్నానో మా ఆవిడకే చెప్పలేదు, మీకు చెబుతానా? వెండిరంగు ముఖం, రెండు పక్కలా టేకు చెక్కలు, పసుపు వెలుతురులో ఊగే రెండు సూదులు. కేసెట్ పెట్టే తలుపు, విందుకు లేవమంటే కొత్తల్లుడు లేచినంత నెమ్మదిగా తెరుచుకుంటుంది. "త్రీ హెడ్ మోడల్ అండీ, ఇప్పుడు దొరకవు" అన్నాడాయన. మూడు తలలున్నదాన్ని తెచ్చుకునేటప్పుడు నా ఒక్క తలా పనిచేయలేదు. బొట్టు బయట పెట్టి ఊరుకున్నా బాగుండేది. తల ఉన్నాక బొట్టు తలకే పెట్టాలనిపించి, తలుపు తీసి మూడింటికీ తలా ఒక బొట్టు పెట్టాను. లోపలి చక్రాల కింద ఒక చిన్న నిమ్మకాయ ఇరికించి, ఆ పైన స్విచ్చి వేశాను. పిల్లి గొంతులో చేపముల్లు ఇరుక్కున్నట్టు ఒక చప్పుడు చేసి ఆగిపోయింది. "ఏవండీ, నిమ్మకాయ కూడా తొక్కించేశారా, ఇక ఎక్కడికి బయల్దేరుతుందిట?" అంది మా ఆవిడ.

దాన్ని కొనడానికి కారణం సంగీతం కాదు, మా అక్క. అక్క పెళ్ళిలో బావగారు అలకపాన్పు మీద కూర్చుని టేప్ రికార్డర్ అడిగారు. ఉంగరం అడుగుతారని తయారుగా ఉన్న మా నాన్న, అప్పటికప్పుడు మనిషిని టౌనుకు పంపించి తెప్పించారు. బావగారు అలక దిగి, ఆ పెట్టెను బంతిభోజనాల్లో తన విస్తరి పక్కనే పెట్టుకుని, వాళ్ళమ్మ పాట రికార్డు చేయడం మొదలుపెట్టారు. ఆ రోజుల్లో బంతి సాగుతుంటే వియ్యపురాళ్ళు ఒకరినొకరు పాటల్లో ఎగతాళి చేసుకునేవారు. అటువాళ్ళు పాడితే ఇటువాళ్ళు జవాబు చెప్పాలి; చెప్పలేకపోతే ఆ ఇంటి ఆడవాళ్ళకు తలవంపులు. బావగారి తల్లి, మా పులుసులో ముక్కలు వెతకడానికి లాంతరు పట్టుకు రమ్మని పాడింది. ఆ తరవాత ఏం జరిగిందన్నదే ఇన్నేళ్ళ తగువు. "మీవాళ్ళు నోట్లో ముద్ద పెట్టుకుని ఊరుకున్నారు" అంటారు బావగారు. మా మేనత్త లేచి దీటుగా జవాబు పాడిందంటుంది అక్క. ఏ శుభకార్యానికి కలిసినా, అరిటాకు వేయగానే ఆయన ఆ మాట ఎత్తుతారు, అక్క ముఖం తిప్పుకుంటుంది. మేనత్తా లేదు, బావగారి తల్లీ లేదు, ఆ బంతిలో కూర్చున్నవాళ్ళలో చాలామంది లేరు. సాక్ష్యం ఆ కేసెట్ ఒక్కటే. బావగారు దానిమీద సినిమా పాటలు ఎక్కించబోతే అక్క లాక్కొచ్చి అమ్మకిచ్చింది. అమ్మ దాన్ని ఎంత భద్రంగా దాచిందంటే, ఎక్కడ దాచిందో తనకే గుర్తులేదు. మొన్నామధ్య సున్నాలు వేయిస్తుంటే అటక మీద ఇత్తడి బిందెలో దొరికింది. టేపు అంచున తెల్లటి బూజు. మామూలు ప్లేయరులో పెడితే నమిలేస్తుంది. "ఒక్కసారి వింటే చాలురా తమ్ముడూ, అబద్ధమాడుతున్నానని అనిపించుకుంటూనే పోతానేమోనని భయం" అంది అక్క. అందుకే డెక్కు.

దుప్పటిలో చుట్టి, ఒళ్ళో పెట్టుకుని, తునిలో బాగుచేసే మనిషి ఉన్నాడంటే రైల్లో తీసుకెళ్ళాను. "గ్రైండరాండీ?" అని ఎదురు సీటాయన అడిగితే ఔననేశాను. మెకానిక్ తలుపు తీసి చూసి, "పూజ చేశారు సరే, అభిషేకం కూడా చేశారేంటండి?" అన్నాడు. నిమ్మరసం అడుగు దాకా వెళ్ళిందట. ఆ పిప్పీ కుంకుమా తుడిచి, జిగురైపోయిన బెల్టులు మార్చి, కేసెట్ బూజు కూడా దులిపి ఇచ్చాడు.

కార్తీకమాసంలో పట్టిసీమ దర్శనం చేసుకుని అక్కా బావగారూ, ఇంకొందరు చుట్టాలూ మా ఇంట్లో ఆగారు. తడిబట్టలు వరండాలో ఆరుతున్నాయి. బావగారు హాల్లోకి వస్తూనే, "ఏంటోయ్, ఇడ్లీ గంగాళం వంటింట్లో పట్టలేదా?" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. కేసెట్ పెట్టి మీట నొక్కాను. ముందు విస్తళ్ళ గలగల, ఎవరో నెయ్యి అడగడం, తరవాత బావగారి తల్లి గొంతు. లాంతరు పాట. ఆయన నిటారుగా కూర్చున్నారు. పాట అవగానే, "చూశారా! ఆ తరవాత ఇంకేం లేదు, కట్టెయ్" అంటూ చెయ్యి చాపారు. "చెయ్యి తియ్యండి" అంది అక్క. ఆయనతో అక్క అలా మాట్లాడగా నేనెప్పుడూ వినలేదు. కాసేపు గరగర. అప్పుడు మా మేనత్త అందుకుంది:

"పెట్టె కోసం అలిగెనమ్మా పెళ్ళికొడుకు, ఆ
పెట్టెతోనే కాపురం పెట్టమనవమ్మా వియ్యపురాలా!"

ఆనాటి బంతీ ఈనాటి హాలూ కలిసి ఒక్కసారే నవ్వాయి. బావగారు ఫ్యాను వైపు చూస్తున్నారు. టేపులో ఆయన తల్లి కూడా పడీపడీ నవ్వింది. ఊపిరి తీసుకుని, "నాన్నా, ఆ పెట్టె కట్టెయ్యరా, మన పరువు పోతోంది" అంది. టక్కుమని చప్పుడు. అంతే.

గెలిచిన అక్క కాఫీ పెడతానంటూ వంటింట్లోకి వెళ్ళి, అక్కడ మేనత్త పాట కూనిరాగం తీసింది. బావగారు కండువాతో కళ్ళద్దాలు తుడుచుకుని, "ఆ చివరిది ఇంకోసారి వెయ్యవోయ్" అన్నారు.

అప్పటినుంచీ నెలకోమారు వస్తున్నారు. కేసెట్ మా ఇల్లు దాటకూడదనీ, ఫోన్లోకి ఎక్కించకూడదనీ అక్క ఆజ్ఞ. నేను ప్రతిసారీ మొదటికి తిప్పి పెడతాను. వాళ్ళమ్మ పిలుపు దాకా వెళ్ళాలంటే ఆయన మా మేనత్త పాట మొత్తం వినాలి. "మధ్యలోది దాటేసే ఏర్పాటేం లేదా ఇందులో?" అని పోయిన నెల దీనంగా అడిగారు. "పాతకాలం గంగాళం కదండీ బావగారూ, ఏం చేస్తాం!" అన్నాను. ఉంది. కుడివైపు చివరి మీట. ఒక్కసారి నొక్కితే పాట దాటి, తరవాతి మాట దగ్గర దానంతటదే వెళ్ళి ఆగుతుంది. ఆదివారం కూడా చూపించను. కాలానికీ అలాంటి మీట ఒకటి ఎక్కడో ఉండే ఉంటుంది. తెలిసినవాడు మనకు చెప్పకుండా, నాలాగే పక్కకు తిరిగి నవ్వుకుంటూ ఉంటాడు.