కన్యకమ్మ తెప్పించుకున్న పవర్ సప్లై

మిర్యాలగూడలో నాగేశ్వర్ రావు రైసుమిల్లు ఎక్కడంటే బస్టాండులో ఆటోవాళ్లెవరైనా చెప్తారు. ఆయన భార్య కన్యకమ్మకు లారీలంటే ప్రాణమన్న సంగతి మాత్రం ఆ ఇంట్లోవాళ్లకే చాలాకాలం తెలియదు.

ఆమె పుట్టిల్లు కోదాడ. తండ్రికి బియ్యం వ్యాపారంతో పాటు ఒక లారీ ఉండేది. దాన్ని నడిపే ఐలన్న మునగాలకు సరుకు దింపడానికి పోయినప్పుడల్లా ఈ పిల్లను పక్కన కూర్చోబెట్టుకొని తీసుకుపోయేవాడు. ఖాళీ జాగా దొరికితే స్టీరింగు చేతికిచ్చేవాడు. ఒకనాడు అది తండ్రి కంట పడింది. ఐలన్నకు చీవాట్లు పడ్డాయి, పిల్లకు లారీ ఎక్కడం బందయింది. పెళ్లయినాక కారు నేర్చుకుంటానని భర్తను అడిగింది. “డ్రైవరున్నడు గదా, నీకెందుకు?” అన్నాడాయన. ఆమె అడగడం మానేసింది గానీ ఆశ చావలేదు.

యాభై దాటాక ఆ ఆశకు ఇంకో దారి దొరికింది. కొడుకు రితేష్ మిల్లు లెక్కల కోసం ఇంటి వెనకనున్న ఆఫీసు గదిలో కంప్యూటరు పెట్టాడు. లెక్కలు అయిపోయాక అందులో లారీ తోలే ఆట ఆడుకునేవాడు. చాయ్ తీసుకొచ్చిన తల్లి అతని వెనక నిలబడి చాలాసేపు చూసింది.

“జర జరుగురా. నేను ఒకసారి సూస్త,” అంది.

రితేష్ నవ్వుతూ లేచాడు. ఆ కుర్చీ అతనికి మళ్లీ తొందరగా దొరకలేదు.

అప్పట్నుంచి మధ్యాహ్నం మిల్లు పనివాళ్లు అన్నాలకు పోయే వేళకు కన్యకమ్మ ఆఫీసు గదిలో ఉండేది. సరుకెత్తుకొని కొండలెక్కేది, ఊళ్లు దాటేది, గోడౌనులోకి వెనక్కి తిప్పి పెట్టడం నేర్చుకునేది. మొదట్లో ప్రతి గోడకూ గుద్దింది. పోనుపోను అద్దంలో చూస్తూ సందులోంచి దూర్చేదాకా వచ్చింది. సంగతి చుట్టాల్లో పొక్కింది. కోడలొచ్చినాక అత్త ఆటలాడుతున్నదట అని పెళ్లిళ్లలో నవ్వుకున్నారు. ఆమె వినీ విననట్టే ఊరుకుంది.

2012 ఎండాకాలం. కరెంటు ఎప్పుడొస్తదో ఎప్పుడు పోతదో తెలియని రోజులు. ఒక మధ్యాహ్నం ఆటలో ఆమె లారీ ఘాట్ రోడ్డు దిగుతుండగా బల్ల కింద టప్పుమని పేలింది. తెర నల్లబడింది. గదంతా కాలిన వాసన.

రిపేరు చేసే నగేష్ వచ్చి కంప్యూటరు డబ్బా విప్పాడు. లోపల పనిలేని వైర్లన్నీ కట్టగట్టి ఫ్యాను ముందర కుక్కి ఉన్నాయి. వాటి నిండా మిల్లు తవుడు దుమ్ము పట్టి పిచ్చుకగూడులా ఉంది.

“పోయింది పవర్ సప్లై అమ్మా. ఇంటి కరెంటు తీసుకొని లోపల అన్నిటికి పంచేది ఇదే,” అన్నాడు నగేష్. “అసలే చవుక రకం. పైన రాసినంత పవర్ ఇయ్యనే ఇయ్యది. ఆపైన గాలాడక ఉడికింది.”

“నీ ఆటతోనే కాలిందమ్మా,” అన్నాడు రితేష్.

“ఆటకు లోడు ఎక్కువ పడ్తది, నిజమే,” అన్నాడు నగేష్. “కానీ మంచి సప్లై అయితే తట్టుకునేది. ఇప్పుడు మాడ్యులర్ అని వస్తున్నయి. వైర్లు ఊడదీయొచ్చు. కావల్సినవే తగిలిస్తరు, మిగతావి బయటనే ఉంటయి. గిట్ల కట్టలు కుక్కేది ఉండదు.”

కన్యకమ్మ ఆ మాట పట్టుకుంది. ఆ సాయంత్రం నాగేశ్వర్ రావు తీర్పు చెప్పాడు. ఆఫీసు కంప్యూటరు బాగైనా అందులో ఇక ఆట ఉండొద్దు.

“మంచిది,” అంది ఆమె. “ఆఫీసుది ఆఫీసుకే ఉంచుండ్రి. నాకు నేను వేరేది చేయించుకుంట.”

“ఈ వయసుల ఆట కోసం కంప్యూటరా? ఊరంత నవ్వుతరు.”

“నవ్వనీయుండ్రి. వాళ్లు నవ్వితే నా లారీ ఆగుతదా?”

నాగేశ్వర్ రావు భోజనం ముందునుంచి లేచిపోయాడు. ఆమె మాత్రం చివరి మజ్జిగ మెతుకుదాకా తిని లేచింది.

కోడలు వైష్ణవిది సూర్యాపేట. అక్కడ శ్రీహరి అనే ఆయన కంప్యూటర్ల షాపు ఆమెకు తెలుసు. “నేనూ వస్త అత్తమ్మా,” అంది. ఇద్దరూ బస్సెక్కారు. కన్యకమ్మ చేతిలో ఒక గుడ్డసంచి.

శ్రీహరి మర్యాదగా కుర్చీలు వేయించాడు. గేములాడే కంప్యూటరు కావాలనగానే, “బాబు ఏం చదువుతుండమ్మా?” అని అడిగాడు.

“బాబు లేడు. నాకే.”

శ్రీహరి వైష్ణవి దిక్కు చూశాడు. వైష్ణవి, “అత్తమ్మకే,” అంది. ఆయన గొంతు సవరించుకొని, ఎర్రలైట్లు వెలిగే ఒక డబ్బా ముందర పెట్టాడు. దాంతోపాటు పవర్ సప్లై ఫ్రీ అన్నాడు.

“ఫ్రీగ వచ్చేది నాకొద్దు. మాడ్యులర్ది కావాలె.”

“అది షోకమ్మా. పట్నంల పిల్లలు అద్దం డబ్బాలు పెట్టుకుంటరు, వాళ్లకు. లోపలి వైర్లు మీ ఇంట్ల ఎవరు సూస్తరు?”

కన్యకమ్మ గుడ్డసంచిలోంచి కాలిపోయిన పాత పవర్ సప్లై తీసి, ఆయన అద్దాల కౌంటరు మీద బోర్లించి రెండు దెబ్బలు కొట్టింది. తవుడు, ఊక ముక్కలు, నల్లటి దుమ్ము అద్దమంతా పరుచుకున్నాయి.

“మా ఇంటెనుక మిల్లున్నది,” అంది. “ఎవరో సూడాలని కాదు నేనడిగేది. గాలి పోవాలని. నా పెట్టెల ఒక్క వైరు కూడ పనిలేకుండ ఉండొద్దు.”

శ్రీహరి బట్ట తెచ్చి అద్దం తుడిచాడు. తుడుస్తూనే ఆయన మాటతీరు మారింది. షాపులో అట్లాంటి సరుకు లేదనీ, హైదరాబాద్ నుంచి తెప్పిస్తాననీ చెప్పి, తన కంప్యూటరులో ఒక్కో రకం తీసి చూపించాడు.

అన్నిటికంటే ఎక్కువ పవర్ ఇచ్చే పెద్దది కావాలంది ఆమె. ఇక్కడ ఆయన ఒప్పుకోలేదు. “మీరు మిల్లు నడిపేటోళ్లు. పది హెచ్‌పీ మోటరు చేసే పనికి ముప్పై హెచ్‌పీది పెడ్తరా?” అని అడిగాడు. తెర మీద బొమ్మ వేసే గ్రాఫిక్స్ కార్డు ఎంత లాగుతుందో, ప్రాసెసరు ఎంత లాగుతుందో కలిపి, పైన కొంత విడిచిపెట్టి, ఐదువందల యాభై వాట్లు సరిపోతాయన్నాడు. ఆ మాట ఆమెకు నచ్చింది. మోటరు లెక్క ఆమెకు కొత్తది కాదు.

తర్వాత రెండు రకాలు మిగిలాయి. ఒకదాంట్లో అన్ని వైర్లూ ఊడొస్తాయి. రెండోదాంట్లో, లోపల అన్నీ తగిలించే మదర్‌బోర్డుకు పోయే లావు వైరు సప్లైకే అతికి ఉంటుంది, మిగతావి ఊడొస్తాయి. శ్రీహరి మొదటిది మెచ్చుకోవడం మొదలుపెట్టాడు.

“మదర్‌బోర్డు వైరు లేకుంటే నడుస్తదా?” అడిగింది కన్యకమ్మ.

“నడవది.”

“మరి ఎప్పటికీ పీకని వైరు ఊడొస్తే నాకేంది లాభం?”

శ్రీహరికి నవ్వాగలేదు. “రెండోదే తీసుకోండమ్మా,” అన్నాడు. దాని కంపెనీ గ్యారంటీ ఎన్నేళ్లో వైష్ణవి ఇంగ్లీషులో చదివి చెప్పింది. లేచేముందు ఆయన ఒక జాగ్రత్త చెప్పాడు. దీని వైర్లు దీనికే. ఇంకో కంపెనీ వైరు చూడ్డానికి అట్లాగే ఉండి సరిగ్గా దిగినా, లోపల కరెంటు దారి వేరు, తగిలిస్తే అన్నీ కాలతాయి. కన్యకమ్మ ఆ మాట వైష్ణవి చేత ఇంకోసారి చెప్పించుకుంది.

సామాన్లు వచ్చాయి. షాపులోనే బిగించి పంపిస్తానని శ్రీహరి ఫోను చేస్తే వద్దంది. నగేష్‌ను ఇంటికి పిలిపించి, ముందుగదిలో దుప్పటి పరిచి కూర్చుంది. అతను చూపిస్తుంటే తనే బిగించింది. రితేష్ వచ్చి, “నేను పెడత ఇటియ్యమ్మా,” అని చెయ్యి చాపాడు.

“చెయ్యి తియ్యిరా. ఇది నాది.”

సగం పనిలో నగేష్‌కు ఫోనొచ్చి వెళ్లాల్సి వచ్చింది. మిగిలింది అత్తాకోడళ్లే పూర్తి చేశారు. ఊడొచ్చే వైర్లలో కావల్సిన రెండే రెండు తగిలించి, మిగతావి కన్యకమ్మ సంచిలో వేసి పక్కన పెట్టింది. స్విచ్చు నొక్కితే ఫ్యాన్లు తిరిగాయి, తెర మీద మాత్రం ఏమీ రాలేదు.

నాగేశ్వర్ రావు గుమ్మంలోనే నిలబడి ఉన్నాడు. “అయిందా సంబడం? రేపే తిరిగి పంపియ్యి,” అన్నాడు.

“పంపను,” అంది ఆమె తలెత్తకుండానే.

“నగేష్‌నన్నా రానియ్యి,” అన్నాడాయన.

“వస్తే చాయ్ తాగి పోతడు. సూసేది నేను.”

ఇంతా చేసి ఓడిపోతే ఈ ఇంట్లో ఇంకేదీ అడగలేనని ఆమెకు తెలుసు. కరెంటు తీసేసి, ఒక్కో వైరునూ మొదట్నుంచి చివరిదాకా వేళ్లతో తడుముతూ పోయింది. గ్రాఫిక్స్ కార్డు వైరు కార్డు వైపు గట్టిగానే ఉంది. రెండో కొస, సప్లైలోకి దిగే కొస, కొంచెం వదులుగా కదిలింది. ఊడొచ్చే వైరుకు రెండు కొసలుంటాయని, రెండూ చూసుకోవాలని ఆమెకు అప్పుడు తట్టింది. బొటనవేలు పెట్టి నొక్కింది. టిక్కుమంది. ఈసారి తెర వెలిగింది. వైష్ణవి ఆమె భుజం పట్టుకొని ఊపేసింది. గుమ్మం దగ్గర ఎవరూ లేరు.

తర్వాతి వారం సూర్యాపేట నుంచి ఆడబిడ్డ కుటుంబం వస్తుందని కబురొచ్చింది. నాగేశ్వర్ రావు ఒక దుప్పటి తెచ్చి, “వాళ్లున్నంతసేపు దీని మీద కప్పు,” అన్నాడు.

“ఎందుకు? నేనేం దొంగసొమ్ము తెచ్చిన్నా?”

“అక్క ఏమనుకుంటదో.”

“ఏమనుకున్న నా ముందర అననీయుండ్రి. జవాబు నేను చెప్త.”

దుప్పటి మడతపెట్టి అల్మారాలో పెట్టేసింది. అందరూ వచ్చారు. కన్యకమ్మ ఆడబిడ్డకు ఇష్టమని పులిహోర చేసింది, కొసరి కొసరి వడ్డించింది. అన్నాలయ్యాక, రోజూ కూర్చునే వేళకు కూర్చుంది. గది నిండా మనుషులు. ఆమె సిమెంటు లారీ తీసుకొని బయల్దేరింది.

“ఏంది కన్యకమ్మా ఇది? మనుమలతో ఆడుకునే వయసుల,” అంది ఆడబిడ్డ.

“మనుమలొచ్చినాక వాళ్లకూ నేర్పుత,” అంది కన్యకమ్మ. “జర పక్కకు జరుగు వదినా, అద్దం కనవడ్తలేదు.”

ఆడబిడ్డ పక్కకు జరిగింది. కాసేపయ్యాక, లారీ ఇరుకు గేటులోంచి వెనక్కి దూరుతుంటే, “తగుల్తది, తగుల్తది, ఎడమకు,” అనడం మొదలుపెట్టింది.

రెండేళ్లు గడిచాయి. ఆ పవర్ సప్లై మాత్రం ఒక్కనాడూ మొరాయించలేదు. నెలకోసారి కన్యకమ్మ డబ్బా విప్పి, మిల్లులో మిషన్లు దులిపే బ్లోయరుతో తవుడు ఊదేస్తుంది. ఈలోగా ఆఫీసు కంప్యూటరు ఇంకోసారి కాలింది. ఈసారేది కొనాలో చెప్పమని రితేష్ వచ్చి అడిగితే, ఏ దాపరికం లేకుండా చెప్పింది.

నాగేశ్వర్ రావు ఇప్పటికీ ఆ ఆటను మెచ్చుకోలేదు, ఆమె మెచ్చుకొమ్మని అడగనూ లేదు. మధ్యాహ్నం అందరికీ వడ్డించి, గిన్నెలు సర్ది, ముందుగదిలోకి పోయి కూర్చుంటుంది. ఆ వేళ ఎవరైనా పిలిస్తే లోపలినుంచి ఒకటే జవాబు:

“సరుకు దింపి వస్త, ఆగుండ్రి.”