చెల్లి విన్న పాటలు

మా చెల్లి ఉద్యోగంలో చేరిన కొత్తలో ఫోన్‌లో పాటలు వినే ఒక యాప్‌కి ఏడాది చందా కట్టి, పాస్‌వర్డ్ నాకు పంపింది.

"ఇద్దరం దీన్నే వాడుకుందాం అక్కా. మధ్యలో ప్రకటనలు రావు. నువ్వు వంట చేసుకుంటూ వినొచ్చు" అంది.

తను విశాఖలో ఒక ఆసుపత్రి మందుల షాపులో ఫార్మసిస్టు. నేను చోడవరంలో ఉంటూ, కె.కోటపాడు వైపు ఒక ఊరి హైస్కూల్లో లెక్కలు చెబుతాను. మా ఇద్దరికీ వయసులో పదేళ్ళకు పైనే తేడా. తను బళ్ళో చేరకముందే నాన్న పోయారు. అమ్మ గర్భసంచి కేన్సరుతో పోయే నాటికి తను ఇంకా చదువుకుంటోంది. అప్పటినుంచి తనకు పుట్టిల్లంటే మా ఇల్లే.

ఆ యాప్‌తో ఒక చిక్కుండేది. ఒకేసారి రెండు ఫోన్లలో పాట రాదు. నేనిక్కడ తాలింపు వేస్తూ వింటున్న పాట ఠక్కున ఆగిపోయేది. వేరే ఫోన్‌లో పాట మొదలైందని తెరమీద వచ్చేది. తడిచేత్తోనే చెల్లికి ఫోన్ చేసేదాన్ని.

"ఒసే, ఆపవే! ఇక్కడ కూర పొయ్యి మీదుంది."

"నేను బస్సులో నిల్చోనున్నానే. నీకు కబుర్లకి బావ ఉన్నాడు. నాకెవరున్నారు?"

అలా కాసేపు కీచులాడుకుని, చివరికి ఎవరో ఒకరం వదిలేసేవాళ్ళం. రోజుకోసారైనా మాట్లాడుకోవడానికి ఆ కీచులాటే వంకయ్యేది.

తర్వాత మా ఇద్దరికీ నిజంగానే గొడవైంది. రోలుగుంట నుంచి ఒక సంబంధం వచ్చింది. అబ్బాయి మావారికి దూరపు చుట్టం, ఉద్యోగస్థుడు. వేసవి సెలవుల్లో మా ఇంట్లోనే పెళ్ళిచూపులు పెట్టాం. చెల్లి వచ్చింది, చీర కట్టుకుంది, అడిగినవాటికి సమాధానాలు చెప్పింది. వాళ్ళు సంతోషంగా వెళ్ళారు. రెండురోజులు పోయాక తనే నేరుగా ఆ అబ్బాయికి ఫోన్ చేసి, ఇష్టం లేదని చెప్పేసింది. ఆ సంగతి నాకు వాళ్ళ అమ్మగారి నోట తెలిసింది.

"ముందు నాకో మాట సెప్పాలని లేదా నీకు?" అని అడిగాను ఫోన్‌లో.

"నీకు సెప్తే నువ్వు ఒప్పించేస్తావు. అందుకే సెప్పలేదు."

"అమ్మ ఉంటే ఇలాగే చేసేదానివా?"

"అమ్మ ఉంటే ముందు నన్నడిగేది."

ఆ మాట ఎక్కడో గట్టిగా తగిలింది. నేను ఫోన్ పెట్టేశాను. తను మళ్ళీ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు. ఒక్కరోజు పంతం అనుకున్నది వారమైంది, వారం కాస్తా నెలలైంది. బడులు తెరిచారు. వానలు పడ్డాయి. వినాయక చవితికి తను రాలేదు. మావారు మాత్రం అప్పుడప్పుడూ తనతో మాట్లాడి, "బాగానే ఉందంట" అని నాకు వినబడేలా గోడతో చెప్పినట్టు చెప్పేవారు.

ఈ మధ్యలోనే ఒక సాయంత్రం వంటింట్లో నేను వింటున్న పాట ఆగిపోయింది. అలవాటుగా చెయ్యి ఫోన్ మీదికి వెళ్ళింది. ఏమని చెయ్యను? పాట లేకుండానే బెండకాయలు తరగడం ముగించాను. అక్కడ తను ఏదో వింటోంది, అంటే క్షేమంగా ఉంది అనిపించింది. ఇంతకీ ఏం వింటోందో చూద్దామనిపించింది. ఆ యాప్‌లో ఈమధ్య విన్న పాటలన్నీ వరసగా కనిపిస్తాయి. నావి నాకు తెలుసు కాబట్టి, మిగతావన్నీ తనవే.

ఆ రోజు మొదలు అది నాకు రోజూ పేపరు చూసుకోవడంలాంటి పనైపోయింది. బస్సులో కిటికీ పక్కన సీటు దొరికితే చాలు, అదే తెరిచేదాన్ని.

నాకు తెలిసిన చెల్లి హుషారు పాటల మనిషి. స్పీకరు బద్దలయ్యే డాన్సు పాటలు తప్ప ఇంకేవీ చెవికెక్కేవి కావు. అమ్మ తెల్లవారగానే టేప్‌రికార్డర్‌లో పెట్టే భక్తి పాటకి చెల్లి దుప్పటి నెత్తిమీదికి లాక్కుని, "అమ్మా, దేవుడికి లేని తొందర నీకెందుకే!" అని అరిచేది. ఇప్పుడు చూస్తే ప్రతి ఉదయం తను మొదట వింటున్నది ఆ పాటే. అదే గొంతు, అదే పాత రికార్డింగు. ఒక్కరోజు కూడా తప్పలేదు. మొదటిసారి అది చూసినప్పుడు బస్సు ఎక్కడిదాకా వచ్చిందో కూడా నాకు తెలియలేదు. అమ్మని నేనొక్కదాన్నే తలుచుకుంటున్నాననీ, చిన్నది కాబట్టి తను తొందరగానే తేరుకుందనీ ఇన్నాళ్ళూ అనుకున్నాను.

అంతవరకూ బాగానే ఉంది. వర్షాకాలం మధ్యలో ఆ వరసలోకి కొత్త పాటలు వచ్చాయి. అన్నీ చంటిపిల్లల పాటలు. చందమామని పిలిచేవి, ఏనుగు మీద, కాకి మీద కట్టినవి, చివర్లో ఒక జోలపాట. రోజూ సాయంత్రం వేళకే వచ్చేవి.

పెళ్ళికాని పిల్ల. ఒక్కతీ గది అద్దెకు తీసుకుని ఉంటోంది. చంటిపిల్లల పాటలు ఎందుకు?

లెక్కల టీచర్ని కదా, ఇచ్చిన వివరాలతో సమాధానం రాబట్టడం అలవాటు. సంబంధం వద్దంది. కారణం చెప్పలేదు. సాయంత్రాలు ఎవరి బిడ్డకో పాటలు పెడుతోంది. అంటే పిల్లలున్నవాడెవడినో ఇష్టపడింది, మాతో చెప్పడానికి భయపడుతోంది. ఇదీ నాకు వచ్చిన జవాబు. మావారితో చెప్పాను.

ఆయన టీ తాగడం ఆపి నా వైపు చూశారు. "నువ్వు లెక్కల టీచరువా, పోలీసువా? అంత అనుమానంగా ఉంటే ఫోన్ చేసి అడుగు."

"మీరే అడగండి."

"మీ అక్కాచెల్లెళ్ళ మధ్యన నేనేటి, టెలిఫోను స్తంభాన్నా?" అని ఆయన లేచి వెళ్ళిపోయారు.

నేను అడగలేదు. తన పాటలు చూసి తనకొక కథ అల్లేశాను, ఆ కథని నమ్మి రోజూ బెంగపడ్డాను.

అదే సమయంలో నా ఒంట్లో ఒక మార్పు మొదలైంది. నెలసరి వస్తే ఆగడం లేదు. క్లాసులో బోర్డు దగ్గర నిలబడితే కళ్ళు తిరిగేవి. అమ్మకు కూడా ఇలాగే మొదలైందని నాకు గుర్తు. ఆ గుర్తే నన్ను డాక్టరు దగ్గరికి పోనివ్వలేదు. వెళితే ఏం చెబుతారో అన్న భయం. మావారికి నీరసం అని చెప్పాను, ఆయన దానిమ్మపళ్ళు తెచ్చారు. నిద్ర పట్టేది కాదు. పాట వింటే మాటలు మనసులో తిరిగేవి, అందుకని మాటల్లేని వాన చప్పుడు ఒకటి యాప్‌లో దొరికితే దాన్ని చెవి దగ్గర పెట్టుకుని పడుకునేదాన్ని. రేకుల మీద వాన పడుతున్నట్టు ఉండేది. క్రమంగా మిగతా పాటలు వినడం మానేశాను. వంటింట్లో కూడా ఫోన్ మూగదైపోయింది.

కార్తీకమాసంలో ఒక ఆదివారం ఉదయం ఇడ్లీపిండి కలుపుతుంటే గేటు చప్పుడైంది. చెల్లి. భుజానికి బ్యాగు, చేతిలో కమలాపళ్ళ సంచి. చెప్పులు విప్పి సరాసరి వంటింట్లోకి వచ్చి నా మొహంలోకి చూసింది. పలకరింపు లేదు.

"ఏటయిందే నీకు?"

"ఏటవుతుంది? ఏం కాలేదు."

"అబద్ధాలాడకు. నెల పైనుంచి రాత్రంతా వాన చప్పుడే వింటన్నావు. ఒక్క పాట లేదు. పొద్దుట నా పాట పెట్టబోతే ఇంకా నీ ఫోన్‌లో వాన పడతానే ఉంటంది. నిద్ర పోతన్నావా అసలు?"

గరిటె నా చేతిలోనే ఉండిపోయింది. నేను తన పాటలు చూస్తున్నట్టే తను కూడా నావి చూస్తోందన్న ఆలోచన ఇన్ని నెలల్లో నాకు ఒక్కసారీ రాలేదు.

"బావ నీరసం అన్నాడు. నీరసానికి ఎవరైనా వాన చప్పుడు వింటారేటి? ఆసుపత్రిలో పనిచేసేదాన్ని, నాకు తెలీదా? సెప్పు."

చెప్పేశాను. అన్నీ చెప్పాను. అమ్మ సంగతి గుర్తొచ్చి భయపడుతున్నానని కూడా చెప్పాను. తను స్టవ్ ఆపి, నన్ను పీట మీద కూర్చోబెట్టి, తను నేలమీద కూర్చుంది. ఇద్దరం కాసేపు ఏడ్చాం. మావారు గుమ్మందాకా వచ్చి, మమ్మల్ని చూసి, మెల్లగా వెనక్కి వెళ్ళారు. మిగిలిన ఇడ్లీ పని తర్వాత ఆయనే చూసుకున్నారు.

ఏడుపు తగ్గాక అడిగాను. "మరి ఆ చంటిపిల్లల పాటలు ఎవరికే?"

తను ముందు అర్థం కానట్టు చూసింది. అర్థమయ్యాక నవ్వుతూ నేలమీద దొర్లినంత పని చేసింది. "అవా! మా ఇంటి ఓనరావిడ మనవడికి. ఆ గుంటడికి పాట లేకపోతే ముద్ద దిగదు. ఆవిడ ఫోన్‌లో నెట్టు ఉండదు. నేను పాటలు పెడతాను, ఆవిడ నాకు కూడా అన్నం పెడుతుంది. వంట తప్పింది కదా అని నేను సంబరపడిపోతన్నాను. నువ్వేటనుకున్నావు?"

నేను అనుకున్నది చెప్పాను. తను లేచి వెళ్ళి బావకి చెప్పింది. ఆ పూట టిఫిను తింటున్నంతసేపూ వాళ్ళిద్దరూ నా మీద నవ్వుతూనే ఉన్నారు.

మర్నాడు బడికి సెలవు పెట్టించి నన్ను విశాఖ తీసుకెళ్ళింది. స్కానింగు తీశారు, చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. ఫలితం వచ్చేదాకా తన గదిలోనే ఉన్నాను. ఆ మనవడిని చూశాను. బూరెబుగ్గలవాడు, పాట ఆగితే నోరు మూసేస్తాడు, వాడి విషయంలో చెల్లి చెప్పినదంతా నిజమే. పొద్దున్నే తను అమ్మ పాట పెట్టి, పక్క సర్దుతూ చిన్నగా కలిపి పాడడం కూడా విన్నాను. శ్రుతి ఏమాత్రం లేదు.

"అది వద్దని అరిచేదానివి కదే."

"అది లేకపోతే తెల్లారినట్టుండదక్కా. హాస్టల్లో మొదటిరోజే తెలిసింది."

ఫలితం వచ్చినరోజు డాక్టరమ్మ కాగితం చూస్తూ ముందుగా నవ్వింది. "కేన్సరు కాదమ్మా. మామూలు గడ్డలు. చాలామందికి ఉంటాయి. కానీ ఒంట్లో రక్తం బాగా పడిపోయింది. మందులు వాడదాం. ఇంత ఆలస్యంగానా రావడం?" అని కాస్త కోప్పడింది. బయటికి వచ్చాక చెల్లి గోడకి ఆనుకుని చాలాసేపు కళ్ళు మూసుకుని నిలబడింది. నాకంటే తనే ఎక్కువ భయపడిందని అప్పుడు తెలిసింది.

తిరిగి చోడవరం వచ్చేముందు పెళ్ళి సంగతి నేనే ఎత్తాను. తను చెప్పిన కారణం చాలా మామూలుది. ఆ అబ్బాయి పెళ్ళయ్యాక ఉద్యోగం మానేయాలన్నాడట. నాతో చెబితే నేను నచ్చజెప్పేస్తానని భయపడింది. అప్పుడైతే బహుశా నచ్చజెప్పేదాన్నే. ఇప్పుడు మాత్రం, "ఈసారి ముందు నిన్నడిగే ఎవరినైనా రమ్మంటాను" అన్నాను. "ఏడాది ఆగు. ఆ తర్వాత నేనే సెప్తాను" అంది.

ఇంకొక మాట కూడా అంది, నా యాప్ తెరిచి కిందికీ పైకీ తిప్పుతూ.

"వాన సంగతి సరే. దానికి ముందువి కూడా సూసేను. ఇవి బావ పాటలు. ఇవి బడిలో వార్షికోత్సవానికి పిల్లలకి నేర్పినవి. ఇది అమ్మ పాట. నీదేదే ఇందులో? నీకేటిష్టం?"

 ఇంట్లో ఎవరికి ఏ కూర ఇష్టమో చెప్పగలను. నాకు ఏ పాట ఇష్టమో నలభై దాటిన ఈ వయసులో ఆలోచించుకోవలసి వచ్చింది. బాధేమీ కలగలేదు. చిన్నప్పుడు కొత్త పాఠ్యపుస్తకం చేతికొచ్చినప్పటిలా, ఇందులో ఏముందో అన్న కుతూహలం కలిగింది.

డాక్టరమ్మ నడవమంది. సాయంత్రాలు బడినుంచి వచ్చాక కాలేజీ మైదానంలో చెవుల్లో ఇయర్‌ఫోన్లు పెట్టుకుని నడవడం మొదలుపెట్టాను. రోజుకొక రకం విన్నాను. వేణువు వింటే నిద్రొచ్చింది. గజల్స్ అర్థం కాలేదు. ఒకరోజు మన వైపు జాతర డప్పులు పెట్టుకున్నాను. నా నడక దానంతటదే వేగమైంది. ఇంకో రెండు చుట్లు ఎక్కువ తిరిగాను. నాకు డప్పులంటే ఇంత ఇష్టమని ఎవరు చెప్పినా నమ్మేదాన్ని కాదు. నెమ్మదస్తురాలినని ఊరంతా అనే మనిషిని.

మందులకు గుణం కనిపించింది. కళ్ళు తిరగడం పోయింది. చెల్లి ఇప్పుడు నెలకు రెండు ఆదివారాలు వస్తోంది. మధ్యలో ఏదైనా పాట బాగుందనిపిస్తే పంపిస్తుంది. మొన్న ఒకటి పంపి, ఎలా ఉందని ఫోన్‌లో అడిగింది. మొదట బాగుందనబోయాను. తర్వాత నిజం చెప్పాను.

"నాకు నచ్చలేదే. మరీ సాగదీసేడు."

 అవతల చెల్లి మావారికి వినబడేంత గట్టిగా నవ్వింది.

"బావా, విన్నావా! అక్కకి ఒకటి నచ్చలేదంట!"

ఆయన పక్కగదిలోంచి, "ఏటది, నేనా?" అని అడిగారు.